కనుమ నాటి మ్యాట్నీకి పదకొండు సీట్లు

మా ఇంట్లో సంక్రాంతి కార్తీక మాసంలోనే మొదలవుతుంది. రైల్వే శాఖ ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల బదులు 60 రోజులకు కుదించింది. దాంతో పండుగ రైలు కోసం పోటీ నవంబరు రెండో వారానికి వచ్చింది. హైదరాబాదులో మా అక్క ఉదయం 8 గంటలకు ఫోను పట్టుకుని కూర్చుంది. ఇక్కడ విజయవాడ సత్యనారాయణపురంలో నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అమ్మ దేవుడి గదిలో అగరుబత్తి గుచ్చి వచ్చేసరికి వెయిటింగ్ లిస్టు మొదలైపోయింది. సాయంత్రానికి బావగారు ఫోను చేసి 'కారులోనే వచ్చేస్తాం' అన్నారు. దారి 275 కిలోమీటర్లు. పండుగ ముందు శనివారం పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్ల బారును ప్రతి జనవరిలో టీవీలో చూసి జాలిపడుతుంటాం. 2025లో ఆ బారులో మావాళ్లు కూడా ఉన్నారు. పొద్దున బయలుదేరినవాళ్లు ఇల్లు చేరేసరికి అమ్మ పెసరట్ల పిండి తీసేసి రాత్రి వంట మొదలుపెట్టింది.

నేను సినిమా అభిమానిని. నలభై దాటాక ఈ మాట చెప్పుకోవడం కొంచెం సిగ్గే, అయినా వాస్తవం. అభిమానికి పండుగ తేదీల కన్నా విడుదల తేదీలు ముందు గుర్తొస్తాయి. ఆ ఏడాది భోగి జనవరి 13, సంక్రాంతి 14, కనుమ 15. నా లెక్కలో మాత్రం అవి 10, 12, 14. మూడు పెద్ద సినిమాలు ఆ మూడు తేదీల్లో వచ్చాయి. ఇంటిల్లిపాదీ కలిసి ఏది చూడాలి, ఏ రోజు చూడాలి, ఎన్ని సీట్లు తీయాలి అన్నవి మా ఇంట్లో నా శాఖ కిందికి వస్తాయి.

ఈ పని చేస్తున్నకొద్దీ నాకు ఒక సంగతి స్పష్టమైంది. సంక్రాంతి సినిమాకు రెండు రకాల ప్రేక్షకులు వస్తారు. ఒకరు నాలాంటి అభిమానులు. రెండో వారు కుటుంబాలు. సినిమా వ్యాపారం పండుగ ధరలను అభిమాని ఆత్రం చూసి నిర్ణయించి, వాటిని కుటుంబం దగ్గర వసూలు చేస్తోంది.

కాస్త లెక్క చూద్దాం. 2022 మార్చిలో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోని నగరాల్లో మల్టీప్లెక్సు సీటుకు 150 రూపాయలు, జీఎస్టీతో కలిపి 177. పండుగకు వచ్చే పెద్ద సినిమాలకు దీనిపైన పెంపు అనుమతి ఇస్తారు. 2025 జనవరి 10న వచ్చిన సినిమాకు రాత్రి 1 గంట ఆట టికెట్టు 600. తర్వాతి ఆటలకు మల్టీప్లెక్సుల్లో 175, మామూలు థియేటర్లలో 135 అదనం. జనవరి 14న వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' సినిమాకు మల్టీప్లెక్సులో 125 అదనం, అంటే టికెట్టు 302 రూపాయలు. మా ఇంటి లెక్క పదకొండు మంది: అమ్మ, అక్క, బావగారు, వాళ్లిద్దరు పిల్లలు, మేము ముగ్గురం, బాబాయి, పిన్ని, వాళ్ల అబ్బాయి. పదకొండు సీట్లకు 3,322 రూపాయలు. మామూలు ధరకైతే 1,947. తేడా 1,375. ఆన్‌లైన్ రుసుము, పాప్‌కార్న్ సంగతి ఇక ఎత్తను.

పెంపు 14 రోజులని మొదట అన్నారు, హైకోర్టు 10 రోజులకు పరిమితం చేసింది. మంచిదే. కానీ క్యాలెండరు తీసి చూడండి. ఆ ఏడాది రాష్ట్రంలో బడి పిల్లలకు సంక్రాంతి సెలవులు జనవరి 10 నుంచి 19 వరకు. 10న విడుదలైన సినిమాకు పది రోజుల పెంపు ముగిసేదీ 19నే. సెలవులు అయిపోయిన మర్నాడు టికెట్టు చవకవుతుంది. ఆ మర్నాటికి మా మేనల్లుడు హైదరాబాదు బడిలో బెంచీ మీద ఉంటాడు. చవకయ్యేదాకా ఆగుదామంటే కుటుంబానికి కుదరదు. అభిమానికి ఎలాగూ ఓపిక ఉండదు. అభిమాని ఇష్టపడి ఇస్తాడు, కుటుంబం గత్యంతరం లేక ఇస్తుంది. ఈ ఇద్దరి మధ్య తేడాను ఏ ఉత్తర్వూ పట్టించుకోలేదు.

నిర్మాతల వైపు వాదన నాకు తెలియనిది కాదు. పెట్టుబడి పెద్దది, థియేటరులో బతుకు చిన్నది. జనవరి 10 నాటి ఆ సినిమా ఫిబ్రవరి 7కే ఫోనుల్లోకి వచ్చేసింది, అంటే 28 రోజులకు. మొదటి వారంలో రాబట్టుకోకపోతే ఇంకెప్పుడు రాబట్టుకుంటారు? నిజమే. అయితే ఆ 28 రోజుల ఒప్పందం రాసుకున్నది వాళ్లే. ఇంట్లో కూర్చుని నెలాగితే చాలని ప్రేక్షకుడికి నేర్పిన వాళ్లూ వాళ్లే. నేర్పినందుకు రుసుము మాత్రం థియేటరుకు వచ్చినవాడి దగ్గర తీసుకుంటున్నారు.

ఇక్కడ ఆర్టీసీ గుర్తుకొస్తుంది. పండుగ ప్రత్యేక బస్సులకు ఒకప్పుడు 50 శాతం అదనంగా వసూలు చేసేవారు. జనం సణిగేవారు, ప్రైవేటు బస్సులు ఎక్కేవారు. 2023 సంక్రాంతికి మన రాష్ట్ర ఆర్టీసీ ఆ అదనాన్ని ఎత్తేసి ప్రత్యేక బస్సులనూ మామూలు చార్జీలకే నడిపింది. బస్సు మీద పండుగ భారం వద్దనుకున్న ప్రభుత్వ వ్యవస్థే సినిమా మీద పండుగ భారానికి ఏటా సంతకం పెడుతోంది. బస్సు అవసరం, సినిమా విలాసం అనేవారుంటారు. సంక్రాంతి నాలుగు రోజుల్లో మా అమ్మను ఇల్లు దాటించగలిగింది సినిమా ఒక్కటే, కాబట్టి నేను ఒప్పుకోను.

ఈ ఊరికి ఆ అలవాటు కొత్తదీ కాదు. 1921లో పోతిన శ్రీనివాసరావు ఇక్కడ మారుతి టాకీసు కట్టించారు. అప్పటికి తెరకు మాట కూడా రాలేదు. తర్వాత దశాబ్దాల పాటు తెలుగు సినిమా పంపిణీకి గాంధీనగరే గుండెకాయ. ఇప్పటికీ వసూళ్ల లెక్కల్లో 'కృష్ణా', 'గుంటూరు' అంటే ఏరియాలు. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా రెండుగా, గుంటూరు మూడుగా విడిపోయాయి. సినిమా వ్యాపారం మాత్రం ఆ గీతలను లెక్కచేయలేదు. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ, బాక్సాఫీసు పట్టికలో ఇంకా కృష్ణాలోనే ఉంది.

ఆ ఏరియాలను పండించేది ఎవరు అన్నది అసలు ప్రశ్న. మొదటి రోజును అభిమాని పండిస్తాడు, సందేహం లేదు. రెండో వారం సంగతి వేరు. 2024 జనవరి 12న 'గుంటూరు కారం', 'హనుమాన్' ఒకే రోజు వచ్చాయి. మొదటిది అగ్రహీరో సినిమా, రెండోదానికి మొదట్లో థియేటర్లు దొరకడమే కష్టమైంది. పిల్లలు పెద్దలను లాక్కెళ్లడంతో ఆ చిన్న సినిమా వారాల తరబడి ఆడింది. 2025లో మూడు సినిమాల్లో ఆఖరున వచ్చి, తక్కువ పెంపుతో సరిపెట్టుకున్న కుటుంబ హాస్యచిత్రమే పండుగ విజేత అయింది. రెండేళ్లు వరుసగా ఇదే జరిగాక కూడా కుటుంబాన్ని మిగులు బేరంలా చూస్తే అది వ్యాపార తెలివి అనిపించుకోదు.

నా తప్పూ చెప్పాలి. జనవరి 10న రాత్రి 1 గంట ఆటకు 600 పెట్టి వెళ్లిన వాళ్లలో నేనూ ఉన్నాను. అంతకు ఐదు వారాల ముందే, 2024 డిసెంబరు 4 రాత్రి, హైదరాబాదులో ఒక ప్రీమియర్ దగ్గర తొక్కిసలాట జరిగింది. భర్తా పిల్లలతో సినిమాకు వచ్చిన ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. అమ్మకు ఆ వార్త గుర్తుంది. నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి, 'నీకు వెళ్లాలని ఉంటే వెళ్లు, పిల్లను మాత్రం తీసుకెళ్లకు' అంది. మా అమ్మాయి అప్పటికే జడ వేసుకుని సిద్ధంగా ఉంది. దాన్ని వదిలేసి వెళ్లాను. కాగితం ముక్కలు ఎగిరాయి, మొదటి అరగంట ఒక్క మాటా వినపడలేదు, తెల్లవారుజామున ఇల్లు చేరాను. నిద్ర లేచేసరికి అరిసెల పాకం పట్టడం, నొక్కడం, డబ్బాలోకి సర్దడం అన్నీ అయిపోయాయి. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. మా అమ్మాయి మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. అభిమానానికి నా దగ్గర 600 తీసుకోండి, వెయ్యి తీసుకోండి, ఫిర్యాదు లేదు. కనుమ నాటి మ్యాట్నీకి మా అమ్మ దగ్గర మాత్రం 177 తీసుకోండి. అర్ధరాత్రి ఆటలకు, మొదటి రెండు రోజులకు పెంచుకుని పండుగ మూడు రోజుల పగటి ఆటలను మామూలు ధరకు వదిలేస్తే ఎవరి కొంపా మునగదు. 2025 సెప్టెంబరు నుంచి వంద రూపాయల లోపు టికెట్లపై జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. అంతకు మించిన ధరకు 18 శాతమే. ఆ తగ్గింపు ఈ నగరపు మల్టీప్లెక్సు గుమ్మం తొక్కలేదు.

మిగతా రోజుల్లో మా తిరుగుళ్లకు పెద్ద ఖర్చేమీ లేదు. పుస్తక మహోత్సవం ఆఖరి రోజు జనవరి 12న ఇందిరాగాంధీ స్టేడియానికి వెళ్లాం. పదిరోజుల కిందట దాన్ని ప్రారంభించింది సినిమా నుంచి వచ్చిన ఉప ముఖ్యమంత్రే కాబట్టి, నా వృత్తిధర్మం అక్కడా చెడలేదని మా ఆవిడ ఎద్దేవా చేసింది. మేనకోడలు జపాన్ బొమ్మల కథల పుస్తకాల కోసం గంటన్నర వెతికి, దొరక్క, పాత చందమామలు కొనుక్కుంది. ప్రకాశం బ్యారేజీ మీద నడక మేనల్లుడి కోరిక. 2024 సెప్టెంబరు వరదలో 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినప్పుడు పడవలు కొట్టుకొచ్చి గేట్లకు గుద్దుకున్న దృశ్యం వాడు టీవీలో పదిసార్లు చూశాడు. 'ఏ గేటు మామయ్యా?' అని స్తంభం స్తంభానికీ ఆగాడు. 1957లో కట్టిన బ్యారేజీ అని నేను చెబుతుంటే వాడు వినలేదు. వాడి కథలో నాయకుడు వంతెన కాదు, పడవ.

కనుమ నాడు మినుములు తినాలి, కాకి కూడా కదలకూడదు. ఈ రెండో సూత్రం మా ఇంట్లో ఏటా రాజ్యాంగ చర్చకు దారితీస్తుంది. ఉదయం గారెలు తిన్నాక బావగారు ఉండవల్లి గుహలకు వెళ్దామన్నారు. బ్యారేజీ దాటితే ఎంతో దూరం లేదు, పడుకుని ఉన్న అనంతపద్మనాభుణ్ణి పిల్లలు చూడలేదు. అమ్మ ఒప్పుకోలేదు. 'కనుమ నాడు ప్రయాణమా?' మరి సినిమాకు వెళ్తున్నాం కదా అంటే, 'అది ప్రయాణం కాదు. కృష్ణ దాటితే ప్రయాణం' అంది. ఆ తీర్పుపై అప్పీలు లేదు. ఉండవల్లి ముక్కనుమకు వాయిదా పడింది, సినిమా నిలిచింది.

పదకొండు సీట్లూ ఒకే వరుసలో దొరకలేదు. ఆరు ఒక చోట, మూడు వెనక, రెండు మూలన. ఎవరు ఎక్కడ అన్నది ఇంట్లోనే తేల్చుకుని వెళ్లాం. మోకాళ్ల నొప్పి కాబట్టి అమ్మ మెట్ల పక్క సీటులో, ఆమె పక్కన పిన్ని, పిన్ని పక్కన నిద్రపోయే అలవాటున్న బాబాయి. గుమ్మం దగ్గర సెక్యూరిటీ కుర్రాడు అమ్మ సంచి తెరిచాడు. పైన శాలువా, కింద స్టీలు డబ్బా, అందులో అరిసెలు. బయటి తినుబండారాలు లోపలికి తీసుకెళ్లకూడదన్నాడు. అమ్మ వాదించలేదు. డబ్బా మూత తీసి అతని చేతిలో రెండు అరిసెలు పెట్టి, 'పండుగ పూట డ్యూటీ వేశారా నాయనా' అంది. డబ్బాను అతను బల్ల కింద భద్రంగా దాచాడు. తిరిగి వెళ్లేటప్పుడు గుర్తుపెట్టుకుని పిలిచి మరీ ఇచ్చాడు.

విశ్రాంతి దాకా హాలంతా నవ్వింది. అమ్మ కూడా నవ్విందని పిన్ని చెప్పింది. రెండో సగంలో ఏదో హాస్య సన్నివేశానికి వెనక్కి తిరిగి చూస్తే, బాబాయి మెలకువగా ఉన్నారు, శాలువా కప్పుకుని పిన్ని భుజం మీద తల వాల్చి అమ్మ నిద్రపోతోంది. నాలుగు రోజులుగా పొయ్యి దగ్గర నిలబడిన మనిషి. లేపవద్దని పిన్ని సైగ చేసింది.

ఆ సినిమా మార్చి 1న టీవీలోనూ వచ్చింది. అప్పటికి అక్కావాళ్లు వెళ్లి నెలన్నర కావస్తోంది. ఆఫీసు పని మీద నేను గుంటూరు వెళ్లి బ్రాడీపేటలో ఒక మిత్రుడి ఇంట్లో ఉన్నాను. ప్రకటనల విరామంలో అమ్మ ఫోను చేసింది. 'ఒరే, ఈ సినిమా చాలా బాగుందిరా. ఇది మనం చూడనే లేదు, అక్కావాళ్లు వచ్చినప్పుడు తీసుకెళ్లకపోయావా' అంది.