కొనని ఫిరంగికి కమీషన్ ఉండదు

యుద్ధ శాస్త్రానికి మన దేశం చేసిన మహోపకారాన్ని ప్రపంచం ఇంతవరకూ గుర్తించకపోవడం విచారకరం. తక్కిన దేశాలు ఫిరంగి ఎంత దూరం కొడుతుంది, నిమిషానికి ఎన్ని గుండ్లు పేలుస్తుంది అనే పిల్లల లెక్కల దగ్గరే ఆగిపోయాయి. అసలు ఫిరంగి కొనకుండా ఎంతకాలం ఉండగలం అన్న లోతైన ప్రశ్న వేసుకుని, ముప్ఫై ఏళ్ళు పరిశోధించి, జవాబు రాబట్టిన ఘనత మన రక్షణ శాఖది.

1986 మార్చిలో స్వీడన్‌కు చెందిన బోఫోర్స్ కంపెనీ నుంచి 155 మిల్లీమీటర్ల హోవిట్జర్లు అనే ఫిరంగులు 410 కొనడానికి 1,437 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, ముడుపులు చేతులు మారాయని స్వీడిష్ రేడియో బయటపెట్టింది. ఆరోపణల్లో తేలిన మొత్తం 64 కోట్లు. సరిహద్దులో పేలకముందే ఫిరంగి ఢిల్లీలో పేలింది. 1989 ఎన్నికల్లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం పోయింది. ఆ గురికి ఒక్క సాంకేతిక లోపం మాత్రం ఉంది. ప్రతిపక్షాల నేషనల్ ఫ్రంట్‌కు అధ్యక్షుడైన ఎన్.టి.రామారావు సొంత రాష్ట్రంలో ఆ గుండు తుస్సుమంది. ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 39 కాంగ్రెస్‌కే దక్కాయి. పరిధి చాలకపోయిందేమో, నిపుణులు పరిశీలించాలి.

ఆరోపణ కంపెనీ మీద వచ్చింది, శిక్ష ఫిరంగికి పడింది. కంపెనీతో లావాదేవీలు ఆగిపోయి విడిభాగాలకు కరవొచ్చింది. కొన్ని ఫిరంగులను విప్పి, ఆ సామాను మిగతావాటికి తగిలించి నెట్టుకొచ్చారు.

ఇంతలో 1999 వచ్చింది. కార్గిల్ కొండల మీద శత్రువు, కింద రోడ్డు మీద మనవాళ్ళు. అప్పుడు పిలిచింది ఎవరిని? ఆ అపఖ్యాతి పాలైన బోఫోర్స్‌నే. ద్రాస్ దగ్గర రోడ్డు పక్కన నిలబెట్టి, గొట్టాన్ని నేరుగా శిఖరానికి ఎక్కుపెట్టి, కళ్ళెదుట కనిపించే బంకర్లను కొట్టారు. ఒక్కో గుండు బరువు నలభై కిలోల పైమాట. దాదాపు పద్నాలుగు సెకన్లలో మూడు గుండ్లు వదిలి, ఎదుటివాడు గురి చూసేలోగా సొంత ఇంజన్ మీద పక్కకు జరిగిపోగలదు. పలచటి గాలిలో గుండు మామూలు కంటే దూరం పోయేది. ఆ యుద్ధంలో మన శతఘ్ని దళం పేల్చినవి రెండున్నర లక్షల గుండ్లు, రాకెట్లు. టైగర్ హిల్ తిరిగి మన చేతికి వచ్చిన రోజున ఒక్కనాడే తొమ్మిది వేలు. ఉన్నదానితోనే పోరాడతామని సైన్యాధిపతి జనరల్ మాలిక్ అన్నారు. ఆ మాటలో ఫిర్యాదు ఉందని కొందరు అపార్థం చేసుకున్నారు గానీ, నాకైతే అందులో కొనుగోలు విధానానికి ప్రశంస వినిపిస్తుంది. లేనిదానితో పోరాడండి అని ఎవరూ అనలేదు కదా!

కార్గిల్ తర్వాత వేల సంఖ్యలో కొత్త ఫిరంగులు కావాలని ప్రణాళిక తయారైంది. దాన్ని అమలు చేసిన పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. టెండర్ పిలుస్తారు. కంపెనీలు ఫిరంగులు మోసుకొస్తాయి. వాటిని వేసవిలో పోఖ్రాన్ ఇసుకలో, చలికాలంలో మంచు కొండల్లో పరీక్షిస్తారు. ఏళ్ళు గడుస్తాయి. ఒక ఫిరంగి పరీక్షలో తప్పుతుంది, ఇంకో కంపెనీ నిషేధానికి గురవుతుంది. దక్షిణాఫ్రికా కంపెనీని 2005లో పక్కన పెట్టింది ఫిరంగుల గొడవతో కాదు, తుపాకుల కొనుగోలులో వచ్చిన ఆరోపణలతో. చివరికి బరిలో ఒక్క కంపెనీ మిగులుతుంది. పోటీదారు ఒక్కరే ఉంటే నిబంధనలు ఒప్పుకోవు కనుక టెండర్ రద్దు. మళ్ళీ పిలుపు, మళ్ళీ పోఖ్రాన్. ఈ క్రమంలో ఒక్క రూపాయి లంచం చేతులు మారే అవకాశం లేదని ఒప్పుకోవాల్సిందే. ఫిరంగి చేతులు మారితే గదా!

బోఫోర్స్ కేసు మాత్రం చక్కగా ముందుకు సాగింది. పద్నాలుగేళ్ళ దర్యాప్తుకు ఖజానా నుంచి 250 కోట్ల దాకా ఖర్చయిందట. 2005లో నిందితుల మీది అభియోగాలను కొట్టేస్తూ, ఆ మాట అని ఢిల్లీ హైకోర్టే అసంతృప్తి వెలిబుచ్చింది. 64 కోట్ల జాడ తీయడానికి 250 కోట్లు! ఆ తీర్పు మీద సీబీఐ అప్పీలుకు వెళ్ళడానికి 13 ఏళ్ళు పట్టింది. ఇంత ఆలస్యమా అని 2018 నవంబర్ 2న సుప్రీంకోర్టు కొట్టేసింది. సరిగ్గా వారం తిరిగాక, నవంబర్ 9న, మహారాష్ట్రలోని దేవలాలీలో అమెరికా ఎం777, కొరియా మూలాల కె9 వజ్ర ఫిరంగులు లాంఛనంగా సైన్యంలో చేరాయి. ముహూర్తం ఎవరు పెట్టారో గానీ దివ్యంగా పెట్టారు.

అన్నిటికన్నా రసవత్తరమైనది ధనుష్ అనే ఫిరంగి కథ. బోఫోర్స్ ఒప్పందంలో భాగంగా ఫిరంగి నమూనా పత్రాలు కూడా అప్పట్లోనే మనకు అందాయి. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ప్రపంచమంతా టెండర్లు తిప్పి, రెండు దశాబ్దాలు దాటాక ఆ కట్టలు విప్పి, జబల్‌పూర్ కర్మాగారంలో ధనుష్ తయారుచేశారు. 2019 ఏప్రిల్‌లో మొదటి ఆరు సైన్యానికి ఇచ్చారు. ఈలోగా, చైనా బేరింగులను జర్మనీ సరుకని చెప్పి అంటగట్టారంటూ 2017లో సీబీఐ ఒక కేసు పెట్టింది. స్వదేశీ అయినా సంప్రదాయం తప్పలేదు.

యూరప్‌వాళ్ళు ఇప్పుడిప్పుడే మన దారి పడుతున్నారు. ఏడాదిలో పది లక్షల గుండ్లు ఇస్తామని 2023 మార్చిలో ఉక్రెయిన్‌కు మాటిచ్చి, గడువు నాటికి సగం దగ్గర ఆగారు. పాపం, రష్యా ఉత్తర కొరియా నుంచి రైళ్ళకొద్దీ తెప్పించుకుంది. అక్కడ టెండర్ నిబంధనలు ఎలా ఉంటాయో తెలుసుకోవాలని ఉంది.

ఇక 2025 మార్చిలో మన ప్రభుత్వం దేశంలోనే రూపొందిన 307 ఫిరంగులకు సుమారు 6,900 కోట్ల ఒప్పందం చేసుకుంది. పోఖ్రాన్‌లో 48 కిలోమీటర్లు కొట్టిన ఫిరంగి అది. ఈ తొందరపాటు నాకు ఆందోళన కలిగిస్తోంది. అదృష్టవశాత్తూ కొత్త వాదన ఒకటి సిద్ధంగా ఉంది. డ్రోన్లు వచ్చాయి గనుక ఫిరంగుల కాలం చెల్లిందట. పొగమంచులో, గాలివానలో డ్రోన్ ఎగరలేకపోతే గుండే దిక్కని ఉక్రెయిన్ సైనికులు చెబుతారేమో, కానీ వాళ్ళకు ఫైలు నడపడం తెలియదు. డ్రోనా, ఫిరంగా అన్నది తేల్చడానికి ముందు ఒక నిపుణుల కమిటీ వేయాలి. నిపుణులను టెండర్ ద్వారానే ఎంపిక చేయాలి. చివరికి ఒక్క నిపుణుడే మిగిలితే ఏం చేయాలో నిబంధనల్లో ఉండనే ఉంది.