ప్లగ్ తీసినంత మాత్రాన సరిపోదు

టీవీ పవర్ బోర్డు (టీవీకి కరెంటు అందించే బోర్డు) మరమ్మతు గురించి మీ వ్యాసంలో బాగా రాశారు, కానీ "ప్లగ్ తీసేసి పని మొదలుపెట్టండి" అని ఒక్క ముక్కతో వదిలేశారు. మన 230 వోల్టుల కరెంటు డయోడ్ బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే భాగం) దాటాక పెద్ద కెపాసిటర్‌లో (ఛార్జిని నిల్వ ఉంచే భాగంలో) దాదాపు 325 వోల్టుల డీసీగా నిలుస్తుంది. బోర్డు ఆన్ కాకపోతే ఆ ఛార్జిని వాడుకునేది ఉండదు, ప్లగ్ తీసినా అది అలాగే మిగిలిపోవచ్చు. అందుకే చచ్చిన బోర్డుతోనే ఎక్కువ జాగ్రత్త. స్క్రూడ్రైవర్‌తో కెపాసిటర్ రెండు కాళ్లూ కలిపి ఠప్పుమనిపించడం షాపుల్లో మామూలే, ట్రాక్ (బోర్డు మీది రాగి గీత) కాలినా, నిప్పురవ్వ కంట్లో పడినా ఎవరిది పూచీ? 2.2 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌ కాళ్లకు స్లీవ్ (కరెంటు తగలకుండా తొడుగు) తొడిగి, కెపాసిటర్ రెండు కాళ్లకూ కొన్ని సెకన్లు ఆనించి, సున్నాకు వచ్చిందని మీటర్‌తో చూసుకోవాలి.

ఫ్యూజు మార్చాక నేరుగా ప్లగ్ పెట్టకుండా 60 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో కలపండి. మెరిసి మందగిస్తే సరే. బాగా వెలుగుతూనే ఉంటే బోర్డులో షార్ట్ ఇంకా ఉన్నట్టే. బల్బు ఉన్నా షాక్ కొడుతుంది, చేయి పెట్టకండి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు.