మైన్జ్ ఆర్చిబిషప్ అప్పు, విట్టెన్‌బర్గ్ నిరసన

మత సంస్కరణోద్యమం గురించి మన పాఠ్యపుస్తకాలు నాలుగు వాక్యాల్లో చెప్పేస్తాయి. చర్చిలో అవినీతి పెరిగింది, పోపు పాప పరిహార పత్రాలు అమ్మించాడు, మార్టిన్ లూథర్ ఎదురు తిరిగాడు, చర్చి చీలిపోయింది. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ మతాచార్యుల విలాసాల మీద, పదవుల బేరాల మీద విమర్శ 1517 నాటికే పాతబడిపోయింది. పత్రాల అమ్మకాన్ని 1412లోనే ప్రేగ్‌లో యాన్ హుస్ ఎండగట్టాడు. 1415లో కాన్‌స్టన్స్‌లో అతణ్ని సజీవ దహనం చేశారు. ఎరాస్మస్ లాంటి పండితులు సన్యాసుల అజ్ఞానాన్ని, బిషప్పుల వైభవాన్ని ఏళ్ల తరబడి తూర్పారబట్టారు. అయినా చర్చి కదల్లేదు. మరి 1517లో ఏం మారింది? అది తెలియాలంటే ముందు ఒక అప్పు పద్దు చూడాలి.

1514లో జర్మనీలోని మైన్జ్ ఆర్చిబిషప్ పదవి ఖాళీ అయింది. చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురిలో మైన్జ్ ఆర్చిబిషప్ ఒకడు కాబట్టి ఆ పీఠానికి రాజకీయంగా ఎంతో విలువ. ప్రతి కొత్త ఆర్చిబిషప్పూ రోమ్‌కు భారీ రుసుము కట్టి, పాలియం అనే ఉన్ని పట్టీని పోపు నుంచి పొందాలి. పదేళ్లలో మూడుసార్లు పదవి ఖాళీ కావడంతో ఆ రుసుము కట్టీ కట్టీ మైన్జ్ నలిగిపోయింది. ఈసారి ఖర్చు నేనే భరిస్తానని ముందుకొచ్చాడు బ్రాండెన్‌బర్గ్ రాజవంశానికి చెందిన ఆల్బ్రెహ్ట్. అతనికి అప్పటికి 24 ఏళ్లు కూడా నిండలేదు. బిషప్ కావడానికి 30 ఏళ్లు నిండాలన్నది చర్చి నియమం. పైగా మాగ్డెబర్గ్ ఆర్చిబిషప్ పదవి, హాల్బర్‌స్టాట్ పీఠం అప్పటికే అతని చేతిలో ఉన్నాయి. ఒకే మనిషి అన్ని పీఠాలు ఏలడం చర్చి చట్టానికి విరుద్ధం.

చట్టానికి మినహాయింపు ఉంది, మినహాయింపుకు ధర ఉంది. దాదాపు 14,000 డకాట్ల (బంగారు నాణేల) పాలియం రుసుముకు తోడు, మినహాయింపు కోసం మరో 10,000 డకాట్లు రోమ్‌కు చేరాయి. ఆల్బ్రెహ్ట్ దగ్గర అంత డబ్బు లేదు. ఆగ్స్‌బర్గ్‌లోని ఫుగ్గర్ వ్యాపార కుటుంబం 29,000 రైన్ గుల్డెన్లు (జర్మన్ బంగారు నాణేలు) అప్పిచ్చింది. ఆ అప్పు తీర్చే దారి పదవ లియో పోపు చూపించాడు. 1515లో జారీ చేసిన ఆజ్ఞాపత్రంతో ఆల్బ్రెహ్ట్ ఏలుబడిలో ఎనిమిదేళ్లపాటు పాప పరిహార పత్రాలు పంచే అనుమతి ఇచ్చాడు. వచ్చిన సొమ్ములో సగం రోమ్‌లోని సెయింట్ పీటర్స్ ఆలయ నిర్మాణానికి, సగం ఫుగ్గర్ల బాకీకి. జనానికి మాత్రం ఆలయం సంగతే చెప్పారు, బాకీ మాట ఎత్తలేదు.

దీన్ని టెట్జెల్ అనే డొమినికన్ బోధకుడి అత్యాశగా చూస్తే అసలు విషయం చేజారిపోతుంది. అతను కేవలం వసూలుదారు. ఊళ్లోకి వచ్చినప్పుడు గంటలు మోగేవి, పోపు ఆజ్ఞాపత్రాన్ని మఖమల్ దిండు మీద పెట్టి ఊరేగించేవారు, చర్చిలో పోపు చిహ్నంతో శిలువ నిలిపేవారు. డబ్బు పెట్టె పక్కన ఫుగ్గర్ల గుమస్తా ఉండేవాడు. హోదాను బట్టి ధర ఉండేది. రాజులకు, ఆర్చిబిషప్పులకు 25 గుల్డెన్లు. మామూలు మనిషికి ఒకటి, ఇంకా తక్కువ ఆదాయమైతే అర. ఏమీ లేనివాళ్లు ప్రార్థన, ఉపవాసాలతో సరిపెట్టుకోవచ్చు. ఈ చివరి వెసులుబాటు నిజంగానే ఆదేశాల్లో ఉంది. దాన్ని దాచి చర్చిని దుమ్మెత్తిపోయడం న్యాయం కాదు.

సిద్ధాంతం సంగతి కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. కాగితం మీద ఈ పత్రం పాపక్షమాపణ కాదు. పశ్చాత్తాపపడి, గురువు దగ్గర పాపసంకీర్తనం చేస్తే, అంటే పాపాలు ఒప్పుకుంటే, దోషం పోతుంది. ఆ తర్వాత కూడా మిగిలే శిక్షను ఇహంలోనో, చనిపోయాక ఆత్మ శుద్ధి అయ్యే, తెలుగు కతోలికులు ఉత్తరించు స్థలం అనే చోటో అనుభవించాలి. పత్రం తగ్గించేది ఆ శిక్షనే. అయితే 1476లో నాలుగవ సిక్‌స్టస్ పోపు ఈ వరాన్ని చనిపోయినవారి ఆత్మలకూ విస్తరింపజేశాడు. ఆల్బ్రెహ్ట్ పేరుతో వెలువడిన ఆదేశాలు ఇంకో అడుగు వేశాయి. చనిపోయినవారి కోసం డబ్బు వేసేవారికి పశ్చాత్తాపం గానీ, పాపసంకీర్తనం గానీ అవసరం లేదన్నాయి. నా దృష్టిలో మొత్తం వివాదానికి కేంద్రం ఈ ఒక్క వాక్యం. చనిపోయిన తల్లి నిప్పుల్లో కాలుతోందని చెప్పి, ఆమెను బయటికి తెచ్చే తాళం డబ్బు పెట్టెలో ఉందని నమ్మించడం సామాన్యుడి ప్రేమ మీద, భయం మీద వేసిన పన్ను.

లూథర్ ఉండే సాక్సనీలోకి టెట్జెల్‌ను అక్కడి పాలకుడు ఫ్రెడరిక్ రానివ్వలేదు. అది ధర్మాగ్రహం కాదు. ఫ్రెడరిక్‌కు లూథర్ బోధించే విట్టెన్‌బర్గ్ పట్టణంలో సొంతంగా పవిత్ర అవశేషాల (పునీతుల ఎముకల వంటివాటి) భాండాగారం ఉంది. 1520 లెక్క ప్రకారం అందులో 19,013 అవశేషాలున్నాయి. వాటిని నియమంగా దర్శించి కానుక వేస్తే 19 లక్షల ఏళ్లకు పైగా శిక్ష తగ్గుతుందని నమ్మిక. పొరుగువాడు వచ్చి ఆ ఆదాయానికి గండి కొట్టడం అతనికి ఇష్టం లేదు. కానీ విట్టెన్‌బర్గ్ జనం సరిహద్దు దాటి యూటర్‌బోగ్ వెళ్లి పత్రాలు కొనుక్కొచ్చారు. అవి చేతిలో ఉన్నాక ఇక నడవడి మార్చుకోవాల్సిన పనేముందన్న ధీమా వారిలో లూథర్‌కు కనిపించింది. అతను మఠాధిపతులతో పదవుల కోసం పోట్లాడే రాజకీయుడు కాదు. బైబిల్ బోధించే ఆచార్యుడు, జనం పాపసంకీర్తనలు వినే గురువు. అందుకే 1517 అక్టోబర్ 31న 95 ప్రతిపాదనలను ఆల్బ్రెహ్ట్‌కే లేఖతో పంపాడు.

ఆ ప్రతిపాదనల్లో పోపును తిట్టడం కంటే ప్రశ్నలే ఎక్కువ. ఆలయం కోసం డబ్బు తీసుకుని ఆత్మల్ని విడిపించగలిగిన పోపు, ప్రేమతో అందర్నీ ఒకేసారి ఎందుకు విడిపించడు? అంత సంపన్నుడు సెయింట్ పీటర్స్‌ను పేదల సొమ్ముతో కాక తన సొమ్ముతో ఎందుకు కట్టడు? పేదవాడికి పెట్టడం పత్రం కొనడం కంటే మేలని క్రైస్తవులకు నేర్పాలని కూడా రాశాడు. ఈ పాటి అడిగినందుకు రోమ్ 1520లో అతని 41 వాక్యాలను ఖండించింది. ప్రశ్నకు జవాబు చెప్పకుండా పోపు అధికారాన్ని ధిక్కరించావనడంతో, పత్రాల మీద మొదలైన తగువు పోపు అధికారం మీదికే మళ్లింది. రోమ్ చేసిన పెద్ద తప్పు ఇదే.

జర్మనీలోనే ఎందుకు? ఫ్రాన్స్ రాజు 1516లో పోపుతో ఒప్పందం చేసుకుని బిషప్పుల నియామకాన్ని తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. జర్మనీకి అలా అడ్డుపడగల బలమైన రాజు లేడు, వందలాది చిన్న రాజ్యాలున్నాయి. రోమ్ వసూళ్ల మీద అక్కడి సంస్థానాధీశులు దశాబ్దాలుగా ఫిర్యాదుల జాబితాలు రాస్తూనే ఉన్నారు. లూథర్ మాటకు అచ్చు యంత్రం తోడైంది. అదే యంత్రం 1450లలో మైన్జ్‌లో, పేరు కోసం ఖాళీ వదిలిన పరిహార పత్రాలను అచ్చేసింది కూడా.

సంస్కర్తల ఆరోపణ నిజమేనని చర్చి తన చేతలతోనే ఒప్పుకుంది. జర్మనీకి పంపిన సందేశంలో ఆరవ ఏడ్రియన్ పోపు, చెడు రోమ్ పీఠం దగ్గరే మొదలైందని అంగీకరించాడు. కతోలిక చర్చి ట్రెంట్‌లో జరిపిన మహాసభ 1562లో పత్రాల వసూలుదార్ల పదవినే రద్దు చేసింది. 1567లో అయిదవ పయస్ పోపు డబ్బుతో ముడిపడిన పరిహార అనుమతులన్నీ ఉపసంహరించాడు. పరిహార వరం మాత్రం చర్చిలో నేటికీ ఉంది. 2025 జూబిలీలోనూ ఇచ్చారు, రుసుము లేకుండా.

కానీ ఆల్బ్రెహ్ట్ అప్పుకు మూలమైన బహుపీఠాల వ్యవహారం అంత తేలిగ్గా పోలేదు. ట్రెంట్ దాన్ని నిషేధించింది. బిషప్ తన పీఠంలోనే నివసించాలని శాసించింది. అయినా 1583లో కొలోన్ పీఠం ప్రొటెస్టంట్ల చేతుల్లోకి జారిపోతుందన్న భయంతో బవేరియా రాజవంశీకుడు ఎర్నెస్ట్‌ను అక్కడ కూర్చోబెట్టారు. 1585కల్లా మ్యూన్‌స్టర్‌తో కలిపి అతని చేతిలో అయిదు పీఠాలున్నాయి.