మొదట ఏది చూడమంటారు?

ఈ మధ్య పాత జపాన్ సినిమాలనూ సీరియళ్లనూ కొందరు బాధ్యత లేకుండా ఎవరికి పడితే వాళ్లకు చెప్పేస్తున్నారు. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

మొన్న ఒక పెళ్లిలో నా కళ్ల ముందే జరిగింది. బంతిలో నా పక్కన మా చిన్నక్క కూతురు, దాని పక్కన నా పాత మిత్రుడు. అతనూ నాలాగే ఇరవై ఏళ్లుగా ఈ పిచ్చిలో ఉన్నవాడే. గుత్తి వంకాయ వడ్డిస్తుండగా పిల్ల అడిగింది: "కొరియావి చూసి చూసి బోర్ కొట్టింది అంకుల్. పాత జపాన్‌వి ఏమైనా చెప్పండి. లైట్‌గా ఉండాలి." నేను గొంతు సవరించుకునేలోపే అతను, "టోక్యో లవ్ స్టోరీ చూడమ్మా, బాగుంటుంది. పదకొండు ఎపిసోడ్లే" అనేసి, పెరుగు ఎక్కడిదాకా వచ్చిందో చూడటం మొదలుపెట్టాడు.

అంతే. ఉపోద్ఘాతం లేదు. 1991 నాటి జపాన్ ఎలా ఉండేదో చెప్పలేదు. ఫుజీ టీవీలో సోమవారం రాత్రి తొమ్మిది గంటల సీరియల్ అంటే అక్కడ ఏమిటో చెప్పలేదు. అసలిది ఫుమి సైమోన్ గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, నుంచి వచ్చిందన్న ముక్కైనా అనలేదు. ఆ పిల్ల వారం తిరక్కుండా మొత్తం చూసేసింది. పైగా నచ్చిందట. ఒక సిఫారసు ఇంతగా దిగజారడం నేను ఎక్కడా చూడలేదు.

ఫోన్ చేసి మరీ చెప్పింది. "మావయ్యా, చివర్లో ఆ రికా చెప్పిన రైలు కాకుండా ముందు రైలెక్కి వెళ్లిపోతుంది చూడు. స్టేషన్ కమ్మీకి చేతిరుమాలు కట్టి, దాని మీద 'బైబై కాంచి' అని రాసి. కథ కంచికి అంటే ఇదే!" హీరోని ఆ అమ్మాయి కాంచి అని పిలుస్తుందన్న ఒక్క ఆధారంతో ఇంత పెద్ద జోకు. నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆ స్టేషన్ పేరు బైషిన్‌జీ అనీ, షికోకు దీవిలో మత్సుయామా దగ్గర సముద్రాన్ని ఆనుకుని ఉంటుందనీ, అభిమానులు ఇప్పటికీ అక్కడికి వెళ్లి కమ్మీలకు చేతిరుమాళ్లు కట్టి వస్తారనీ వరసగా చెప్పాను. "అవునా, అయితే మనమూ వెళ్దాం" అంది. వాళ్లకి ప్రయాణాలే కావాలి, సమాచారం అక్కర్లేదు.

సిఫారసు చేయడానికి ఒక పద్ధతుంది. అడిగినవాడు ఇప్పుడేం చూస్తున్నాడో ముందు కనుక్కోవాలి. విన్నాక కాసేపు ఏమీ మాట్లాడకూడదు. సగం పని అక్కడే అయిపోతుంది. తర్వాత "డైరెక్టర్ కురొసావావి చూశావా?" అనాలి. చూశానంటే "ఏది?" అనాలి. సెవెన్ సమురాయ్ అంటే, "సర్లే, అది అందరూ చూసేదేగా" అనాలి. 207 నిమిషాల సినిమాని, అదీ ఓపిగ్గా కూర్చుని చూసినవాడి ముందు, అలా తీసిపారేసినప్పుడు వాడి ముఖం చూడాలి. ఇన్నేళ్ల మా శ్రమకు ప్రతిఫలం అదొక్కటే.

పెళ్లిలో జరిగిన నష్టాన్ని పూడ్చడానికి నేనే పూనుకున్నాను. లైట్‌గా కావాలంది కాబట్టి 'ది హ్యూమన్ కండిషన్' చూడమన్నాను. మసాకి కొబయాషి తీశాడు. 1959 నుంచి 1961 దాకా మూడు భాగాలుగా వచ్చింది, మొత్తం కలిపి తొమ్మిదిన్నర గంటల పైమాటే. మంచూరియాలో యుద్ధఖైదీల కూలి, సైన్యంలో తన్నులు, చివరికి మంచు. శనివారం పొద్దున కూర్చుంటే ఆదివారం మధ్యాహ్నానికి అయిపోతుంది, ఇంటికి చుట్టాలెవరూ రాకపోతే. "మంచూరియా అనగానే ఆకలేసింది మావయ్యా, మళ్లీ చేస్తా" అని పెట్టేసింది.

ఇక ఓజు సంగతి. ఈ పేరు చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గించాలి. దర్శకుడు యసుజిరో ఓజు 1903 డిసెంబర్ 12న పుట్టి 1963 డిసెంబర్ 12న, సరిగ్గా అరవై నిండిన రోజున పోయాడు. కెమెరాని చాప మీద కూర్చున్న మనిషి కంటికన్నా కిందకి దించి పెట్టేవాడు, దాదాపు కదిలించేవాడు కాదు. కమకురా దగ్గర ఎంగాకుజీ ఆలయంలో ఆయన సమాధి రాయి మీద పేరు ఉండదు, 'శూన్యం' అనే అర్థమిచ్చే ఒక్క అక్షరం ఉంటుంది. అభిమానులు దాని ముందు మందు సీసాలు పెట్టిపోతారు. ఇవన్నీ చెప్పాకే సినిమా మొదలుపెట్టాలి. నేను అలాగే చేశాను. మా అమ్మ, "మొదలవుతుందా, బియ్యం కడుక్కు రానా?" అంది.

వేసింది 'లేట్ స్ప్రింగ్', 1949 నాటిది. నేను పక్కన కూర్చుని తెలుగులో చెబుతున్నాను. కూతురు, భార్య పోయిన తండ్రి, ఇద్దరే ఇంట్లో. పదో నిమిషంలో అమ్మ, "పిల్లకి ఇంకా పెళ్లి కాలేదా?" అంది. అదే కథ అని నేనింకా చెప్పలేదు. తండ్రిని వదిలి వెళ్లనని కూతురు మొండికేస్తే, తానే మళ్లీ పెళ్లి చేసుకుంటున్నట్టు తండ్రి అబద్ధమాడతాడు. అమ్మ "హమ్మ" అని సర్దుకుని కూర్చుంది. అక్కణ్నించి అన్నీ ప్రశ్నలే. పెళ్లికొడుకుని చూపించరేం? నిజమే, సినిమా మొత్తంలో అతను కనిపించడు. హాలీవుడ్ నటుడు గ్యారీ కూపర్‌లా ఉంటాడని మేనత్త చెబుతుంది, అంతే. "మేనత్త చెప్పిందంటే ఏదో లోపం ఉండే ఉంటుంది" అని అమ్మ తేల్చేసింది. పెళ్లి కూడా చూపించరు. "భోజనాలైనా?" అవీ లేవు.

క్యోటో సత్రంలో రాత్రిపూట ఒక కూజా కనిపిస్తుంది. పడుకున్న కూతురి ముఖం, కూజా, మళ్లీ కూతురి ముఖం, మళ్లీ కూజా. ఆ కూజాకి అర్థమేమిటని సినిమా పండితులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. నేను సినిమా ఆపి, ఆ వాదాలన్నీ క్లుప్తంగా ఇరవై నిమిషాల్లో వివరించాను. అమ్మ అంతా విని, "రాత్రి దాహమేస్తుందని పెట్టుంటారు" అంది.

చివర్లో కూతురు వెళ్లిపోతుంది. చీకటి ఇంట్లో తండ్రి ఒక్కడే కుర్చీలో కూర్చుని యాపిల్ పండు చెక్కుతుంటాడు. తొక్క పొడుగ్గా సాగి సాగి, చెయ్యి ఆగిపోతుంది, తల వాలిపోతుంది. ఇక్కడ చెప్పాల్సింది చాలా ఉంది. చెబుదామని తిరిగేసరికి అమ్మ ఫోన్ వెతుక్కుంటోంది. "చిన్నక్క పొద్దున్నించీ చెయ్యలేదురా."

ఇలాంటి ప్రేక్షకులతో కళ ఎలా బతుకుతుంది? అయినా నేను వెనక్కి తగ్గలేదు. మర్నాడు 1962లో వచ్చిన 'ఏన్ ఆటమ్ ఆఫ్టర్‌నూన్' వేశాను, ఆయన ఆఖరి సినిమా. అదే నటుడు చిషూ ర్యూ, అదే తండ్రి వేషం, పెళ్లికెదిగిన కూతురు. అమ్మ తేరిపార చూసి, "ఈయనకి ఇంకో కూతురు కూడా ఉందా?" అంది. ఆ తర్వాత 1960 నాటి 'లేట్ ఆటమ్'. మొదటి సినిమాలో కూతురు సెత్సుకో హరా ఇందులో తల్లి, తన కూతురికి సంబంధం చూడాల్సిన వంతు ఆవిడది. "మంచిదే. ఇప్పుడు తెలిసొస్తుంది" అని అమ్మ సంతోషించింది. ఓజు ఎంత గొప్పవాడో నేను మూడు సినిమాల్లోనూ చెప్పలేకపోయాను. ఆవిడ మాత్రం, "ఇన్ని పెళ్లిళ్లు చేశాడు, ఆయన పిల్లలు ఏం చేస్తుంటారు?" అని ఒక్కటే అడిగింది. ఆయన పెళ్లే చేసుకోలేదనీ, తల్లి దగ్గరే ఉండిపోయాడనీ చెప్పాను. అమ్మ నా వైపు చూసిన చూపు ఈ వ్యాసానికి సంబంధించింది కాదు.

దొరకడం గురించి కూడా ఒక మాట. తేలిగ్గా దొరికేదాన్ని సిఫారసు చేయడం మాలో మర్యాద కాదు. జపాన్ వాళ్లు ఈ విషయంలో మాకు చాలా సాయం చేశారు. 1996 నాటి 'లాంగ్ వెకేషన్' హీరో తకుయా కిమురా సంగతే చూడండి. అతని ఏజెన్సీ ఎంత కట్టుదిట్టంగా ఉండేదంటే, ఇంటర్నెట్‌లో పత్రిక ముఖచిత్రం పెడితే అతను ఉండాల్సిన చోట బూడిదరంగు నీడ ఒకటి ఉండేది. దేశమంతా తెలిసిన ముఖం, నెట్‌లో మాత్రం దెయ్యంలా. ఆ సీరియల్ని మేం చూసింది ఏ పుణ్యాత్ముడో సబ్‌టైటిల్స్ అతికించిన మసక ఫైల్లో. ఆ అక్షరాలు ఐదు సెకన్లు ఆలస్యం. హీరోయిన్ ఏడ్చి, ముక్కు తుడుచుకుని, నవ్వేశాక "నాకు ఏడుపొస్తోంది" అని పడేది. ఇప్పుడు శుభ్రమైన ప్రింట్లు చూసేవాళ్లకి ఈ సాధన ఏం తెలుస్తుంది?

ఎట్టి పరిస్థితుల్లోనూ సిఫారసు చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఉదాహరణకి 'మితో కోమోన్'. టీబీఎస్‌లో 1969లో మొదలై 2011 దాకా సోమవారం రాత్రి ఎనిమిదింటికి వచ్చేది. ఒక ముసలాయన ఎచిగో ప్రాంతపు పట్టు వ్యాపారినని చెప్పుకుంటూ ఇద్దరు బంట్లతో ఊళ్లు తిరుగుతాడు. ఊళ్లో అధికారి లంచగొండి, ఒక పేదపిల్లకి అన్యాయం. కొట్లాట అవుతుంది. సుమారు ఎనిమిదీ నలభై ఐదుకి బంటు జేబులోంచి చిన్న లక్కపెట్టె తీసి చూపిస్తాడు. దాని మీద తొకుగావా వంశం మూడాకుల ముద్ర! ఆయన మాజీ ప్రభువు మిత్సుకునీ అని తెలిసి అందరూ నేల మీద పడిపోతారు. వారం వారం ఇదే. అసలు మిత్సుకునీ (1628-1701) అలా దేశాటన చేయనే లేదు, పండితుల్ని కూర్చోబెట్టి జపాన్ చరిత్ర రాయించాడు. ఇలాంటి నాసిరకం సరుకు చూసి కాలం వృథా చేయకండి. ఆ పెట్టె తీసేముందు బంటు గొంతు మారుతుంది, అప్పటిదాకా కర్ర పట్టుకుని ఊరికే నిలబడ్డ ముసలాయన "ఇక చాలు" అన్నట్టు చెయ్యెత్తుతాడు, ఒళ్లు జలదరిస్తుంది. అంటే, జలదరిస్తుందని విన్నాను. "ఆ పెట్టేదో మొదట్లోనే చూపిస్తే పోయేదిగా" అని అమ్మ అంది. నాలుగో ఎపిసోడ్‌కి ఆవిడే, "టైమెంతయింది, పెట్టె తియ్యడేం?" అని గోల.

తోరా-సాన్ కూడా ఈ జాబితాలోకే వస్తాడు. 1968లో టీవీ సీరియల్‌గా మొదలైంది. ఆఖరి ఎపిసోడ్‌లో హీరో పాముకాటుకి చచ్చిపోయాడు. జనం టీవీ వాళ్ల మీద విరుచుకుపడితే, 1969లో యోజి యమదా అతన్ని సినిమాలో బతికించాడు. ఆ బతకడం బతకడం 1995 దాకా 48 సినిమాలు, అన్నిట్లోనూ కియోషి అత్సుమీయే. ఊరూరా తిరిగి చిల్లర సరుకు అమ్ముకునే మనిషి, టోక్యోలో షిబమతాకి ఇంటికొస్తాడు, ప్రేమలో పడతాడు, ఇంట్లో గొడవ పడతాడు, పెట్టె సర్దుకుని పోతాడు. ఏది ముందు చూడాలంటే ఏదైనా చూడొచ్చు. సరిగ్గా అందుకే పనికిరాదు. వరస అక్కర్లేని చోట మాలాంటివాళ్లతో పనేముంటుంది?

అన్నిటికన్నా ప్రమాదకరమైంది 'ఓషిన్'. ఎన్‌హెచ్‌కేలో 1983 ఏప్రిల్ నుంచి 1984 మార్చి దాకా ఆదివారం తప్ప రోజూ పావుగంట చొప్పున 297 ఎపిసోడ్లు. లెక్కేస్తే 74 గంటల పైచిలుకు. సగటున 52.6 శాతం ఇళ్లలో చూశారు, ఒక దశలో 62.9 శాతం. అరవైకి పైగా దేశాల్లో వేశారు. ఇంతమంది చూసినదాన్ని మనం మళ్లీ చెప్పడమేమిటి, నామోషీ కాకపోతే? బస్తా బియ్యానికి ఏడేళ్ల పిల్లని ఏడాది పనికి పంపించే ఏడుపు కథ.

నిన్న రాత్రి మేనకోడలు ఫోన్. "మావయ్యా, ఆ అంకుల్ ఓషిన్ చెప్పారు. నువ్వు చూశావా?"

"ఎప్పుడో చూశాను. మొదటి భాగం బలంగా ఉంటుంది." ఇది ఏ సీరియల్ గురించైనా నిర్భయంగా అనొచ్చు.

"మంచులో ఆ పిల్ల తెప్ప ఎక్కి వెళ్లిపోతుంటే నాన్న ఒడ్డున పరిగెత్తుతాడే, అక్కడ ఏడ్చావా?"

"అక్కడ ఎవరు ఏడవరు?" అన్నాను, గంభీరంగా.

పెట్టేశాక లైటార్పి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి ఎపిసోడ్ తెరిచాను. సిఫారసు చేయదగదని చెప్పాలంటే కనీసం ఒకటైనా చూసి ఉండాలి కదా. పిల్లా లేదు, తెప్పా లేదు. ఎనభై దాటిన పెద్దావిడ, కుటుంబం కొత్త సూపర్ మార్కెట్ తెరిచే రోజున ఎవరికీ చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్లిపోతోంది. ఇంట్లోవాళ్లు వెతుకుతున్నారు.

మంచినీళ్లకి లేచిన అమ్మ వెలుతురు చూసి వచ్చి మంచం చివర కూర్చుంది. "ఆ చెవుల్లోవి తీసి సౌండ్ పెట్టు."

"నీకు జపాన్ భాష అర్థం కాదుగా అమ్మా."

"ఏడుస్తున్నారో తిట్టుకుంటున్నారో తెలియాలిగా." తీశాను. కాసేపు చూసింది. "పెద్దావిడ ఒక్కతే ఎక్కడికి పోతోందిరా?"

"తెలీదమ్మా. నేనూ ఇప్పుడే చూస్తున్నాను."