టాక్సీ డ్రైవర్ ఉవాచ

పని మీద ఊళ్లు తిరిగే విలేకరి రాసిన నగర వ్యాసం ఏదైనా చేతికొస్తే మొదటి మూడు పేరాల దగ్గర ఆగండి. అంతలోపు టాక్సీ డ్రైవర్ నోరు విప్పలేదంటే, రాసినాయన విమానాశ్రయం నుంచి నడిచే వచ్చి ఉంటాడు. అటువంటి మహానుభావులు అరుదు. మిగతా అందరికీ దొరికేది ఒకడే డ్రైవర్. ఖండాలు మారినా వాడే. అద్దంలోంచి వెనక్కి చూస్తాడు, నిట్టూరుస్తాడు, "ఒకప్పుడు ఇలా ఉండేది కాదు సార్" అంటాడు. దాంతో ఆ దేశపు ఆర్థిక స్థితి, రాబోయే ఎన్నికల ఫలితం, యువతరం నిస్పృహ అన్నీ తేలిపోతాయి. సర్వే సంస్థలు వేలమందిని పట్టుకుని ప్రశ్నలు అడుగుతూ ఎందుకింత అవస్థ పడుతున్నాయో! తలా ఒక టాక్సీ ఎక్కితే పోయేదిగా.

ఈ మహత్తర సమాచార సేకరణ ఎలా సాగుతుందో చూద్దాం.

బండి కదిలింది. హోటల్ నలభై నిమిషాల దూరం. విలేకరికి స్థానిక భాషలో వచ్చినవి రెండు ముక్కలు, నమస్కారం, కృతజ్ఞతలు. డ్రైవర్‌కి ఇంగ్లీషులో వచ్చినవి మూడు: గుడ్, బిగ్, న్యూ. ఈ పెట్టుబడితో ఇంటర్వ్యూ మొదలైంది.

"ఇక్కడ జీవితం ఎలా ఉంది?"

"గుడ్."

"ప్రభుత్వం?"

డ్రైవర్ ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటున్నాడు. మూడొందల మీటర్లలో ఎడమకి తిరగాలి, పక్కనున్న లారీ దారివ్వడం లేదు. జవాబు రాలేదు. కాపీలో, అంటే పత్రికకి పంపే వ్యాసంలో, ఈ ఘట్టం ఇలా ఉంటుంది: "ప్రభుత్వం మాట ఎత్తగానే అతని ముఖం మీద నీడ కమ్ముకుంది. చాలాసేపు పలకలేదు. ఆ మౌనంలో ఒక తరం వేదన వినిపించింది." నీడ కమ్ముకున్న మాట అక్షరాలా నిజం. బండి అప్పుడు ఫ్లైఓవర్ కిందనుంచి పోతోంది.

లారీ దారిచ్చింది. డ్రైవర్ గట్టిగా ఊపిరి వదిలాడు. నోట్‌బుక్‌లో పడింది: నిట్టూర్పు, ఒకటి. కాస్త ముందుకెళ్లాక, వెనకాల కూర్చున్నాయన పాపం కొత్తగా ఉన్నాడు కదా అని ఓ భవనం చూపించి "న్యూ. బిగ్." అన్నాడు. కాపీలో: "అద్దాల మేడల వైపు వేలు చూపి చేదుగా నవ్వాడు. వాటిలో తనకు చోటు లేదని అతనికి తెలుసు." ఏసీ పెంచమంటారా అని సైగ చేశాడు. కాపీలో: "ఈ నగరంలో ఉక్కపోత వాతావరణానికి మాత్రమే పరిమితం కాదు." హోటల్ ముందు ఆపి మీటర్ చూపించాడు. ఆ ఒక్కటీ కాపీలోకి రాలేదు. అతను నోటితో కాకపోయినా వేలితో చెప్పిన స్పష్టమైన వాక్యం అదొక్కటే.

ఇప్పుడు దీనిలో లోపాలేమిటని అడిగితే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. విమానాశ్రయం క్యూలో వంతు కోసం గంటలకొద్దీ నిలబడ్డ మనిషికి వెనక సీట్లో ఉన్నది కిరాయి. కిరాయితో వాదన పెట్టుకోడు. "ఇక్కడ ధరలు మండిపోతున్నాయట కదా?" అంటే అవునంటాడు. "ధరలు అదుపులోకి వచ్చాయట కదా?" అన్నా అవుననే అంటాడు. దిగేటప్పుడు టిప్పూ, యాప్‌లో రేటింగ్ చుక్కలూ వెనక సీటు చేతిలోనే ఉన్నాయి మరి. పైగా అతను ఆ ఊరివాడు కాకపోవచ్చు. పెద్ద నగరాల్లో టాక్సీ తోలేవాళ్లలో వలస వచ్చినవాళ్లు చాలామంది. ఊరి ఆత్మ అని మనం పట్టుకున్నది పోయినేడాది దిగిన మనిషిని. కదిలే బండిలో నోట్సు రాయడం కుదరదు. రాస్తే అక్షరాలు రాత్రికి మనకే అర్థం కావు. అందుకని గదికెళ్లాక గుర్తున్నంత రాసి, గుర్తులేనిచోట మౌనం పెడతారు. మౌనాన్ని ఖండించేవాడు ఉండడుగా.

ఇక కిటికీలోంచి కనిపించిన "నగరం". విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే రోడ్డు ఏ నగరంలోనైనా ముస్తాబు చేసి పెట్టిన రోడ్డు. మంత్రులూ అతిథులూ పోయేది దానిమీదే. మధ్యలో మొక్కలకు నీళ్లు, స్తంభాలకు రంగులు, గోతులు పడితే మర్నాటికి పూడిక. ఆ రోడ్డు చూసి ఊరి గురించి రాయడమంటే పెళ్లి ఫోటో చూసి కాపురం గురించి రాయడం.

సరే, హోటల్ చేరారు. రాత్రి మూడింటికి మెలకువొచ్చింది. కిటికీ తెర తీస్తే కింద దీపాలు, ఒకటో రెండో బళ్లు. వెంటనే శీర్షిక తట్టింది: "నిద్రపోని నగరం". అయ్యా, నగరం హాయిగా గుర్రు పెడుతోంది. నిద్రపట్టనిది తమరికి. శరీరంలోని గడియారం సర్దుకోవడానికి గంట తేడాకి సుమారు ఒక రోజు పడుతుంది, తూర్పు వైపు ఎగిరి వస్తే ఇంకా మొండికేస్తుంది. ఎనిమిది గంటల తేడా ఉన్న చోటికి వచ్చి మూడో రోజు తిరుగు విమానం ఎక్కే మనిషి ఉన్నన్నాళ్లూ అర్ధరాత్రి కిటికీ దగ్గరే ఉంటాడు. దీపాలు వెలుగుతున్నాయంటే వీధిదీపాలు పనిచేస్తున్నాయని అర్థం. అది మునిసిపాలిటీ వార్త.

"వైరుధ్యాల నగరం" అనేది దీని అన్నగారు. ఒకపక్క మేడలు, ఒకపక్క గుడిసెలు. పాత కట్టడం పక్కన కొత్త వంతెన. వైరుధ్యం లేని నగరం భూమ్మీద ఎక్కడైనా ఉంటే అదీ వార్త, వెళ్లి రాసుకురండి. నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదు, ఇంత గాలివాన నా జన్మలో చూడలేదందట. అది నయం, కనీసం వానలో తడిసింది.

మరి ఎక్కువ రోజులుంటే సరిపోతుందా? 2017లో జర్మనీ వారపత్రిక డేర్ స్పీగెల్‌లో క్లాస్ రెలోటియస్ అనే విలేకరి అమెరికాలోని ఫెర్గస్ ఫాల్స్ అనే చిన్న పట్టణం గురించి రాశాడు. వారాల తరబడి అక్కడే ఉన్నాడు. డ్రాగన్లు కాపురముంటున్నాయా అనిపించే అడవి దాటి ఊళ్లోకి వచ్చానన్నాడు. ఊరేమో గడ్డిమైదానంలో ఉంది. మెక్సికన్లు రావద్దని బోర్డు ఉందన్నాడు. అదీ లేదు. ఊరివాళ్లిద్దరు ఓపిగ్గా వాక్యం వాక్యం సరిచూసి, మరీ పెద్ద అబద్ధాలు 11 ఏరి 2018 డిసెంబరులో బయటపెట్టారు. తమ విలేకరి కథనాలు అల్లాడని పత్రికా అదే నెలలో ఒప్పుకుంది. కథ ఇంటి దగ్గరే రాసుకుని బయల్దేరినవాడికి ఊరు అడ్డమే తప్ప ఆధారం కాదు.

అసలు డ్రైవర్‌తో మాట్లాడటమే తప్పా? కాదు. బండి ఆగాక, ఇంజిన్ కట్టేశాక, నేను విలేకరినని చెప్పి అడగాలి. అతనికి స్వయంగా తెలిసింది అడగాలి. క్యూలో ఎన్ని గంటలున్నావు, రోజుకి ఎన్ని ట్రిప్పులు, బండి సొంతమా అద్దెదా, అద్దెదైతే యజమానికి రోజుకెంత కట్టాలి, ఇంధనం ధర పెరిగితే ఆ భారం ఎవరి మీద పడుతుంది. ఈ లెక్కలు చెప్పమంటే ఆర్థికవేత్త కన్నా బాగా చెబుతాడు. పూర్తి పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసుకుని, అన్నమాట ఒకసారి చదివి వినిపించాలి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరూ ఇవ్వరు. దేశం ఆత్మ కావాలి గానీ డ్రైవర్ పేరు అక్కర్లేదు.

పేరు అంటే గుర్తొచ్చింది. సయ్యద్ ఆగా. ఈ పేరు ఎంతమందికి తెలుసు? 2007 మార్చిలో ఆఫ్ఘనిస్తాన్‌లోని హెల్మండ్‌లో ఇటలీ పత్రిక లా రెపుబ్లికా విలేకరి డానియెలె మాస్ట్రోజాకొమోని తాలిబన్లు ఎత్తుకుపోయినప్పుడు బండి నడిపింది సయ్యద్ ఆగా. అతని తల నరికారు. అయిదుగురు తాలిబన్ ఖైదీల్ని వదిలి ఆఫ్ఘన్ ప్రభుత్వం విలేకరిని విడిపించింది. దుబాసీగా, దారి చూపే మనిషిగా వెంట వెళ్లిన అజ్మల్ నక్ష్‌బందీ కోసం మాత్రం మళ్లీ అలాంటి బేరం కుదరదంది. ఏప్రిల్ 8న తాలిబన్లు అతన్నీ చంపారు. 2009 సెప్టెంబరు 9న ఆ దేశంలోనే కుందూజ్ ప్రాంతంలో బందీగా ఉన్న న్యూయార్క్ టైమ్స్ విలేకరి స్టీఫెన్ ఫారెల్‌ని బ్రిటిష్ కమాండోలు విడిపించారు. ఆయనతోపాటే చిక్కిన సుల్తాన్ మునాదీ ఆ కాల్పుల్లో చనిపోయాడు. మునాదీ కూడా విలేకరే. కానీ స్థానికుడు.

ఎవరిని కలవాలో చెప్పేది వీళ్లు, అనుమతులు తెచ్చేది వీళ్లు, చీకటిపడ్డాక ఏ రోడ్డెక్కకూడదో తెలిసినవాళ్లు వీళ్లు. విమానం ఎక్కి వెళ్లిపోయే వీలు లేనివాళ్లూ వీళ్లే. ఇలా దారి చూపే స్థానికుడికి, అంటే ఫిక్సర్‌కి, బీమా చేశారా, డ్రైవర్‌కి ఏమైనా అయితే ఇంట్లోవాళ్లకి ఎవరు ఏమిస్తారు అని విలేకరిని పంపేముందు ఎన్ని పత్రికల డెస్కులు అడిగాయి? సిగ్గుండాలి. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వాళ్ల కాళ్లతో తిరిగి, వాళ్ల చెవులతో విని, వాళ్ల ప్రాణం అడ్డుపెట్టి, పైన బైలైన్, అంటే రాసినవాడి పేరు, మాత్రం మనది.

సరే, అకౌంట్స్ సెక్షన్ సంగతి చెప్పాలి. పత్రికాఫీసులో నిజనిర్ధారణ చేసేది ఎడిటోరియల్ అనుకుంటారు, భ్రమ. న్యూయార్క్ టైమ్స్‌లో జేసన్ బ్లెయిర్ అనే విలేకరి తన ఉద్యోగం చివరి అయిదు నెలల్లో ఆరు రాష్ట్రాల్లోని 20 ఊళ్ల డేట్‌లైన్లతో, అంటే ఆ ఊళ్ల నుంచే రాస్తున్నట్టు, వార్తలిచ్చాడు. డెస్కు అచ్చేసింది. ఆ అయిదు నెలల్లో ఒక్క హోటల్ రసీదు, ఒక్క అద్దె కారు రసీదు, ఒక్క విమానం టికెట్ దాఖలు చేయలేదని 2003 మేలో పత్రికే రాసుకుంది. కదలకుండా ఊళ్లు తిరిగిన ఆ యాత్ర గుట్టు మొత్తం ఖర్చుల ఫైల్లోనే ఉంది, చూసే నాథుడు లేకపోయాడు.

మన నలభై నిమిషాల విలేకరి అంత తెగించినవాడు కాదు. నిజంగానే వెళ్లాడు. తిరిగొచ్చిన మర్నాడు టీఏ బిల్లు పెట్టాడు. రసీదు సరిగా లేకపోతే అకౌంట్స్‌లో క్లర్కు ఊరుకోదని తెలుసు కాబట్టి క్యాబ్ యాప్ పంపిన రసీదు ప్రింటు తీసి జతచేశాడు. దాని మీద బండి నంబరుంది. ఎక్కింది 11.42, దిగింది 12.21. డ్రైవర్ పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. క్లర్కు పెన్నుతో టిక్కు పెట్టింది. పై అంతస్తులో అదేవేళ పేజీ ప్రెస్సుకి వెళుతోంది. మొదటి పేరా, నాలుగో వాక్యం: "పేరు వెల్లడించడానికి ఇష్టపడని ఒక టాక్సీ డ్రైవర్..."