యాభై రూపాయల భయం

1960లో పది గ్రాముల బంగారం నూట పది రూపాయల చిల్లర. ఆ ఏడే మన పార్లమెంటు జంతుహింస నివారణ చట్టం చేసింది. నోరులేని జీవాన్ని కొట్టినా, తన్నినా, తిండి పెట్టకుండా మాడ్చినా, మోయలేని బరువు మోయించినా మొదటి తప్పుకి 10 రూపాయలకి తగ్గకుండా, 50 దాటకుండా జరిమానా వెయ్యమంటుంది అందులోని 11వ సెక్షను. ఆ రోజుల్లో యాభై అంటే నాలుగు గ్రాముల పైన బంగారం. దెబ్బ గట్టిగానే తగిలేది. ఇప్పుడు బెజవాడలో అదే యాభైకి ప్లేటు ఉప్మా పెసరట్టు. అల్లం చట్నీ రెండోసారి అడిగితే మొహం మాడ్చుకుంటారు.

అరవై ఏళ్ళు దాటినా ధర పెరగని సరుకు ఈ దేశంలో ఇదొక్కటే. కందిపప్పు విషయంలో ఏ ప్రభుత్వానికీ చేతకానిది ఇక్కడ సాధించారు. అయినా జరిమానా పెంచాలని కొందరు గొడవ చేస్తుంటారు. సామాన్యుడికి అందుబాటులో మిగిలిన ఆఖరి నేరాన్ని కూడా డబ్బున్నోళ్ళ పాలు చేస్తారా అని నా ప్రశ్న.

చట్టం మరీ అంత మెతకదేం కాదు. మూడేళ్ళ లోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100 దాకా వేస్తుంది, మూడు నెలల దాకా జైల్లో కూడా వెయ్యొచ్చు. అందుకని తెలివైనవాడు గేదెని తన్నాక క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుని మూడేళ్ళు ఓపిక పడతాడు. కేసు పెట్టాలనుకునేవాళ్ళకి మాత్రం గడువు మూడు నెలలే. అది దాటితే ఈ చట్టం కింద ఆ దెబ్బ తగలనట్టే లెక్క. గేదెని ఎవరూ అడగలేదు.

ఇక కోడిపందేలు. మా ఉమ్మడి కృష్ణా జిల్లాలో పందెంపుంజుకి జరిగే మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. బాదంపప్పు, ఉడకబెట్టిన గుడ్డు, మటన్ కీమా, పొద్దున్నే చెరువులో ఈత, ఆనక ఒళ్ళు కాపడం. ఇవాళ డేగ రంగు పుంజు గెలుస్తుందా, నెమలి రంగుది గెలుస్తుందా అని కోళ్ళ జాతకాలు చెప్పే కుక్కుటశాస్త్రం తిరగేస్తారు. తీరా భోగినాడు అదే కాలికి కత్తి కట్టి వదులుతారు. రెండు మూడు నిమిషాల్లో తేలిపోతుంది. ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో వద్దని చెప్పింది. ఆ తర్వాత సంక్రాంతులూ వచ్చాయి, బరులూ వెలిశాయి. బరి నడిపినవాడికి కూడా ఈ చట్టంలో రేటు అదే, పదికి తగ్గకుండా యాభై దాటకుండా. బరి పక్కన చేలో నా స్కూటరు పెట్టినందుకే వంద తీసుకున్నారు. (బావమరిది బలవంతం మీద వెళ్ళాను.)

అన్నిటికంటే నాకు నచ్చింది 1965 నాటి బండి పశువుల నిబంధనలు. ముల్లుగర్ర వాడకూడదు. రోజుకి తొమ్మిది గంటలకి మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎద్దుని కాడికి కట్టనేకూడదు. బెజవాడ ఎండలు తెలిసినవాడెవడైనా చెబుతాడు, దీని ప్రకారం మా ఊరి ఎద్దుకి ఏప్రిల్, మే నెలలు వేసవి సెలవులని. అదే మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర వీపున బిర్యానీ పెట్టె వేసుకుని సిగ్నల్లో ఉడికిపోతున్న కుర్రాడికి ఈ రూలు వర్తించదు. అతన్ని ముందు పశువుగా గుర్తించాలి, అది పెద్ద ప్రాసెస్.

నా సలహా ఒకటి ప్రభుత్వం ముందుంచుతున్నాను. డబ్బుతో ఎవడూ భయపడడు, పరువుతో భయపడతాడు. బెజవాడకి రౌడీషీటు కొత్తగా నేర్పక్కర్లేదు. అదే పద్ధతిలో జంతుషీటు తెరవాలి. ఆదివారం ఆదివారం స్టేషనుకొచ్చి సంతకం పెట్టి, బల్ల మీద కూర్చోవాలి. పక్కనున్న అసలు రౌడీ "నువ్వేం చేశావ్ అన్నా?" అని అడుగుతాడు. "కుక్కపిల్లని తన్నాను" అని చెప్పుకోవాలి, అదీ శిక్ష. షీటు నకలొకటి పెళ్ళిళ్ళ పేరయ్యలకి పంపాలి. "అబ్బాయి బుద్ధిమంతుడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు, పిల్లి తోకకి టపాకాయలు కట్టిన కేసు ఒకటుంది" అని చదివి వినిపిస్తే అమ్మాయి తండ్రి కాఫీ గ్లాసు కింద పెట్టేస్తాడు.

ఇదంతా ఊరికే చెప్పడం లేదు, అనుభవం ఉంది. ఐదారేళ్ళ కిందట మా సత్యనారాయణపురంలో వీధి చివరి టిఫిన్ బండాయన, కాళ్ళ దగ్గరికొచ్చిన కుక్క మీద సలసల కాగే నీళ్ళు చెంబుతో కుమ్మరించాడు. గోధుమరంగుది, ఒక చెవి నల్లగా ఉంటుంది. అది అరవను కూడా లేదు. బండి కిందనుంచి దూసుకుపోయి ఎదురింటి గేటుకి గుద్దుకుంది. మర్నాటికి వీపు మీద అరచెయ్యంత మేర బొచ్చు ఊడి, ఎర్రగా చెమ్మ.

నేను స్టేషనుకి వెళ్ళాను. ఫిర్యాదులు రాసుకునే రైటరు గారు మర్యాదగానే కూర్చోబెట్టారు.

"కుక్క మీదేనాండీ?"

"వీధి కుక్కండీ."

"రేటెంతుంటది?"

నవ్వులాటకి అడగలేదు. అప్పటి శిక్షాస్మృతి 428వ సెక్షను ప్రకారం, చంపినా అవిటిదాన్ని చేసినా కేసు కట్టాలంటే ఆ జంతువు కనీసం పది రూపాయల విలువ చెయ్యాలి. ఊరకుక్క పది రూపాయలు చేస్తుందని రుజువు చెయ్యడానికి నా దగ్గర బిల్లు లేదు. దాని బదులు 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ విలువ లెక్క తీసేశారు. ఐదేళ్ళ దాకా జైలన్నారు. కుక్కలకి జీఎస్టీ బిల్లు బాధ తప్పింది.

"పోనీ మీరు సాక్ష్యానికొస్తారా? రెండు మూడు వాయిదాలు పడొచ్చు," అన్నారాయన.

నెలాఖరు, ఆఫీసులో ఆడిట్. ఆలోచించుకుని వస్తానని చెప్పి లేచాను.

ఆ కుక్క ఇంకా ఉంది. వీపు మీద ఆ మేర బొచ్చు రాలేదు. బండికి పది అడుగుల అవతల కూర్చుంటుంది, చెంబు చప్పుడైతే ఇంకో పది అడుగులు జరుగుతుంది. ఇవాళ పొద్దున నన్ను చూసి తోక ఊపింది. ప్లేటు చేత్తో పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాను. ఉప్మా పెసరట్టు, యాభై రూపాయలు. బండికి అంటించిన కోడు స్కాన్ చేశాను. "యాభై రూపాయలు అందినవి" అని సౌండ్ బాక్సు గట్టిగా చెప్పింది.