సవరణ: బోటు యాజమాన్యానికి వేట లైసెన్స్ చాలదు

చేపల బోటు అమ్మేటప్పుడు, కొన్నవారి చేతిలో వేట లైసెన్స్ పెడితే చాలని మొన్న ఒక పోస్టులో రాశాను. అది తప్పు.

లైసెన్స్ సముద్రంలో వేటకు అనుమతి మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో అది 1994 నాటి రాష్ట్ర చట్టం కింద వస్తుంది. యజమాని ఎవరో చెప్పేది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. అది కేంద్ర నౌకాయాన చట్టానికి చెందినది. రెండూ మత్స్యశాఖ దగ్గరే తీసుకుంటాం కాబట్టి నేను ఒకటే అనుకున్నాను. చట్టంలో ఉన్నది చదివి, ఆ శాఖలో పనిచేసే ఒకరిని అడిగాక తేడా తెలిసింది.

అమ్మితే రిజిస్టర్‌లో పేరు మార్పించాలి. బోటు మునిగిపోయినా, తుక్కు కింద విప్పేసినా రిజిస్ట్రార్‌కు (బోట్లు నమోదు చేసే అధికారికి) తెలిపి, సర్టిఫికెట్ అప్పగించి రద్దు చేయించుకోవాలి. నా పోస్టు చూసి లైసెన్స్ ఒక్కటే ఇచ్చినవాళ్లు ఉంటే, దయచేసి వెంటనే పేరు మార్పించండి. లేకపోతే రికార్డులో బోటు ఇంకా మీదే.